కీర్తిశేషులు ఐరావతం గారి ఉద్యోగం

కంబళ్ళమిట్ట ఊరికి నీళ్ళు కొండ మీది ట్యాంకులోంచి దిగవు, పురపాలక సంఘం ఫైల్లోంచి దిగుతాయి. ఈ సంగతి తెలియని కొత్త కోడళ్ళు కొళాయి కింద బిందె పెట్టుకుని కూర్చుంటారు. తెలిసినవాళ్ళు ముందు ఆఫీసు వైపు చూసి, తర్వాత బిందె తీస్తారు.

పూర్వం ఇలా ఉండేది కాదు. వీధి మొదట్లో ఒక గుంట, గుంటలో ఇనుప చక్రం, చక్రం తిప్పడానికి ఒక మనిషి ఉండేవాడు. ఆ మనిషి వస్తే నీళ్ళు వచ్చేవి. అతనికి జ్వరమొస్తే మర్నాడు వచ్చేవి. ఇది బొత్తిగా మోటు పద్ధతని పైవాళ్ళకు తోచింది. చక్రాలన్నీ ఊడబెరికి పాత సామాన్ల వేలంలో అమ్మేసి, వాటి చోట కరెంటు వాల్వులు బిగించారు. ఏ వీధి వాల్వు ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో చెప్పడానికి ఆఫీసు మేడ మీద చల్లటి గదిలో నల్లటి పెట్టె ఒకటి పెట్టి, దాన్ని సర్వర్ అన్నారు. పెట్టె ఉత్త పెట్టె. లోపలుండి దాన్ని నడిపించేది వేరే ఉంది, ఆపరేటింగ్ సిస్టమ్ అని. దాని అసలు పేరు ఇంగ్లీషులో నోరు తిరగనంత పొడుగు. తెర వెలగగానే ఏనుగు బొమ్మ కనిపిస్తుంది గనక ఆఫీసులో అందరూ దాన్ని ఐరావతం అనేవారు. అటెండరు రోజూ పొద్దున్నే ఆ గది గుమ్మంలో అగరువత్తి వెలిగించేవాడు. ఐరావతం ఏ లోపమూ చెయ్యలేదు. వీధి వీధికీ వంతు ప్రకారం నీళ్ళు వదిలింది.

ఇలా ఉండగా, ఎక్కడో సముద్రాల అవతలున్న దాని కంపెనీవాళ్ళు ఒక ప్రకటన చేశారు. పదేళ్ళ పాటు ఐరావతం మంచిచెడ్డలు చూస్తామని చెప్పినవాళ్ళు, సగం కూడా గడవకుండానే, ఇక చూడమన్నారు. ఎవరి దారి వారు చూసుకోమన్నారు.

వెంటనే కమిషనరు చక్రపాణి గారు సమావేశం పెట్టారు. ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్నాయి.

సమావేశానికి ఫైలు పట్టుకుని వచ్చింది ఈశ్వరమ్మ. ఆమె ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్లో, అంటే ఉద్యోగుల చేరికలు, సెలవులు, పదవీ విరమణలు, చావులు చూసే సెక్షన్లో, రికార్డు అసిస్టెంటు. ఆమె భర్త నారాయణప్ప ఇదే సంఘంలో పంపుహౌసు ఆపరేటరు. డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడు. ఆయన పోయాక కారుణ్య నియామకం కింద ఆమెకు ఈ ఉద్యోగం ఇచ్చారు. ఇచ్చారంటే అడగ్గానే ఇచ్చారని కాదు. ఒక జత చెప్పులు తిరిగి తిరిగి అరిగాయి, రెండో జత ఆఫీసు మెట్ల మీద పోయింది, మూడో జతకు ఉద్యోగం వచ్చింది. అప్పటినుంచీ ఆఫీసులో ఎవరు పోయినా ఆ ఫైలు ఈశ్వరమ్మ బల్ల మీదికే వస్తుంది. ఆమెకు అందులో ఉన్న అనుభవం ఇంకెవరికీ లేదని మేనేజరు తిప్పేస్వామి గారి అభిప్రాయం.

కమిషనరు గారు గొంతు సవరించుకున్నారు. “పౌరసేవల నిరంతరాయత దృష్ట్యా, భవిష్యత్తు అనిశ్చితమైన ఏ వ్యవస్థ మీదా ఈ సంస్థ ఆధారపడరాదని ఇందుమూలముగా నిర్ణయించడమైనది. కావున సదరు ఐరావతాన్ని తక్షణం ఆపివేయవలెను.”

కంప్యూటర్లు చూసుకునే రిజ్వానా లేచి నిలబడింది. బయటి ఏజెన్సీ తరఫున పనిచేసే ఇంజనీరు ఆ పిల్ల. ఈ ఊరిదే. “సార్, ఐరావతానికి ఇప్పుడేం కాలేదు. బాగానే పనిచేస్తాంది. ముందుముందు ఏదన్నా కన్నం పడితే పూడ్చేవాళ్ళు ఉండరు, అంతే. నిదానంగా వేరేదానికి మారొచ్చు. ఆపేస్తే నీళ్ళు ఆగిపోతాయి సార్.”

“నీళ్ళు ఆగితే అది వర్తమాన సమస్య,” అన్నారు కమిషనరు గారు. “మనం చర్చిస్తున్నది భవిష్యత్తు. వేరేవి ఏమున్నాయి?”

“ఒకటి పెద్ద కంపెనీది, ఏటేటా అద్దె కట్టి వాడుకోవాల.”

“ఆ కంపెనీ ఎల్లకాలం ఉంటుందని హామీ ఇస్తారా?”

“ఎవరిస్తారు సార్? ఇంకోటుంది. ప్రపంచంలో ఎవరెవరో కలిసి తయారుచేసుకున్నది. చలివేంద్రం మాదిరి. దానికి యజమాని ఎవరూ లేరు, అందరిదీ.”

“అందరిదీ అయితే నోటీసు ఎవరికి పంపాలి?” అని అడిగారు తిప్పేస్వామి గారు.

కమిషనరు గారు ఆ రెంటి పేర్ల ఎదుటా ‘భవిష్యత్తు లేదు’ అని రాసుకున్నారు. ఐరావతం చోటు ఖాళీ అయింది. ఖాళీని ఏ నిబంధన కింద నింపాలన్నది ఇప్పుడు ప్రశ్న. తిప్పేస్వామి గారు వేళ్ళు మడిచారు. “పోస్టు ఖాళీ అయ్యే మార్గాలు నాలుగే సార్. విరమణ, రాజీనామా, సస్పెన్షను, మరణం. ఇది ఏ కోవలోకి వస్తుందో తేల్చనిదే ఫైలు కదలదు.”

గోడ పక్కన నిలబడ్డ ఈశ్వరమ్మ రిజ్వానా చెవిలో మెల్లగా అంది. “పదేండ్లు ఉంటానని చెప్పి నడిమిట్లోనే పోయినాడు గదా పాపా, మా ఆయన మాదిరి. ఇంక వారసులకు ఇయ్యాల్సిందే.”

నవ్వులాటకు అన్న మాట. కానీ సరిగ్గా అప్పుడే కరెంటు పోయి ఫ్యాను ఆగింది. గదిలో అందరికీ ఆ మాట గుడిగంటలా వినబడింది.

కమిషనరు గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “సర్వీసులో ఉండగా మరణం! కారుణ్య నియామకం! తిప్పేస్వామీ, ఇందులో భవిష్యత్తు ప్రశ్నే రాదు. వారసత్వం ఒక్కటే చూస్తాం. వారసుడి ఆయుష్షుకు హామీ అడిగే నిబంధన ఎక్కడా లేదు.”

“లేదు సార్. నా సర్వీసులో చూడలేదు.”

“ఈ ఫైలు ఈశ్వరమ్మకు అప్పగించండి.”

“సార్, నేను ఊరికే...” అంది ఈశ్వరమ్మ.

“ఊరికే కాదమ్మా, అనుభవంతో అన్నావు,” అన్నారు తిప్పేస్వామి గారు.

ఆ సాయంత్రమే ఐరావతాన్ని ఆపేశారు. ఆపినప్పుడు వాల్వులన్నీ మూసి ఉన్నాయి, కాబట్టి అలాగే ఉండిపోయాయి. ఆఫీసర్ల క్వార్టర్సుకు సొంత బోరు ఉంది కాబట్టి ఆ విషయం పై అధికారుల దృష్టికి రావడానికి కొంత వ్యవధి పట్టింది.

ఈశ్వరమ్మ ఇల్లు బండమీది వీధిలో. మామూలు రోజుల్లోనే నీళ్ళు ఆ వీధికి ఆఖరున వస్తాయి. ఇంట్లో ఉండేది ఆమె, ఆమె అత్త కుళ్ళాయమ్మ. కుళ్ళాయమ్మకు మోకాలు నొప్పి, నోరు మాత్రం ఏ నొప్పీ లేకుండా ఆడుతుంది. కోడలు ఆఫీసుకు పోతే దిగువన ఉన్న చేతిపంపు నుంచి నీళ్ళు మోసేది ఆమే. ఎత్తు ఎక్కుతూ ప్రతి అరుగు దగ్గరా కూర్చుంటుంది. కూర్చున్న ప్రతి అరుగు మీదా మున్సిపాలిటీని ఒక తిట్టు తిడుతుంది.

“ఏమే ఈశ్వరీ, ఆ యేనుగు సచ్చిపోయిందంట గదా?”

“చావలేదత్తా. ఆపినారు.”

“ఆపినారో సంపినారో. దినాలు ఎప్పుడంట?”

“అత్తా!”

“మరి? ఆఫీసులో సావు లెక్క రాసింది నువ్వేనంట. వీధంతా అంటాండారు. ‘మీ కోడలి నోట్లో మాటకే మా కొళాయి ఎండిపాయ’ అని ఆ సుంకులమ్మ నా మొగాన్నే అనె. నేను ఊరికే పడతానా? ‘నా కోడలి నోట్లో మాటకు అంత బలముంటే ముందు నీ నోరు మూపిచ్చేది’ అన్యా. అన్యా గానీ, లోపల నాకూ అనుమానమే. నిజంగా నువ్వే అన్యావా?”

అత్త తెచ్చిన బిందెను ఈశ్వరమ్మ తీసుకుని లోపల పెట్టింది. సగం నీళ్ళు దారిలోనే తొణికిపోయి, కుళ్ళాయమ్మ చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. వీధిలో తన పేరు ఎలా మోగుతున్నదో ఆమెకు తెలుసు. ఆ ఫైలు ఎంత తొందరగా ముగిస్తే అంత తొందరగా కొళాయి వస్తుందనుకుంది. ఫైళ్ళు తొందరపెడితే తెమిలేవి కావని ఆమెకు తెలియనిది కాదు. కానీ తన ఫైలైతే తను తొందరపెట్టగలననుకుంది.

మరునాడు సంతాప సభ జరిగింది. మరణమని తేల్చాక సంతాప సభ జరపకపోతే ఆడిటులో అభ్యంతరం వస్తుందన్నారు. మేడ మీది గదిలో నల్లపెట్టెను ఫోటో తీయించి, పెద్దది చేయించి, కుర్చీలో నిలబెట్టి చామంతి దండ వేశారు. అందరూ లేచి మౌనం పాటించారు. కమిషనరు గారు మాట్లాడుతూ, “ఐరావతం గారు ఏనాడూ సాధారణ సెలవు పెట్టి ఎరుగరు. పై అధికారులకు ఎదురు చెప్పి ఎరుగరు. వారి లోటు తీర్చలేనిది,” అన్నారు. ఉద్యోగుల సంఘం కార్యదర్శి లేచి, కీర్తిశేషుల ఆత్మశాంతి కోసం మధ్యాహ్నం నుంచి సెలవు ప్రకటించాలని కోరాడు. ప్రకటించారు. రిజ్వానా ఒక్కతే వెనక బెంచీలో తల పట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల దుఃఖం అందరికంటే ఎక్కువగా ఉందని తర్వాత క్యాంటీనులో చెప్పుకున్నారు.

ఇక వారసుల సంగతి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఇవ్వాల్సింది తహసీల్దారు. ఈశ్వరమ్మ, రిజ్వానా ఇద్దరూ ఆయన దగ్గరికి వెళ్ళారు. ఆయన కాగితం మీంచి తల ఎత్తకుండా అడిగారు.

“మృతుడి తండ్రి పేరు?”

ఈశ్వరమ్మ కంపెనీ పేరు చెప్పింది.

“జీవించి ఉన్నారా?”

“బాగా ఉన్నారు సార్. ఇంకా లావయినారు,” అంది రిజ్వానా.

“తండ్రి ఉండగానే కొడుకు పోయాడా? పాపం. సంతానం?”

“ఇద్దరు లెక్క సార్. ఐరావతాన్ని తయారుచేసిన వాళ్ళలో కొందరు ఈ ప్రకటన చూసి కంపెనీ మీద అలిగి బయటికొచ్చి, అచ్చం అట్లాంటిదే ఒకటి చేసినారు. దాన్ని గజరాజు అనుకుందాం. ఇంకో జట్టు ఇంకోటి చేసినారు. అది గున్న. రెండూ ఐరావతం మాదిరే. దేన్ని పెట్టినా వాల్వులకు తేడా కూడా తెలీదు.”

“పోలికలున్నాయన్న మాట,” అని తహసీల్దారు రాసుకున్నారు. “ఇరుగుపొరుగు విచారణ జరగాలి.”

గ్రామ రెవెన్యూ అధికారి వచ్చి ఇరుగుపొరుగు విచారణ చేశాడు. మేడ మీది గదికి ఇరుగు క్యాంటీను, పొరుగు మరుగుదొడ్డి. మరుగుదొడ్డిలో ఎవరూ దొరకలేదు. క్యాంటీనులో పెద్దాయన దొరికాడు. ఐరావతం సత్ప్రవర్తన గలవాడేనా అని అడిగితే, “ఎప్పుడూ గదిలోంచి బయటికి రాలేదయ్యా. అరువు కూడా పెట్టలేదు,” అని వేలిముద్ర వేశాడు. ధ్రువపత్రం వచ్చింది.

వారసులు ఇద్దరుంటే ఒకరికి ఉద్యోగమిచ్చేందుకు రెండోవారు తమకు అభ్యంతరం లేదని రాసివ్వాలి. అది నిబంధన. నారాయణప్ప ఉద్యోగానికి ఆయన తమ్ముడు ఆ కాగితం రాయడానికి ఈశ్వరమ్మను ఎంత ఏడిపించాడో ఆమెకే తెలుసు. కాబట్టి ఇక్కడే ఆలస్యమవుతుందని దిగులు పడింది. రిజ్వానా మాత్రం కంప్యూటరులో రెండు జట్లకూ ఉత్తరాలు పెట్టింది. మర్నాటికే రెండు జవాబులూ వచ్చాయి. మీరు వాళ్ళది పెట్టుకుంటే మాకు సంతోషమే, ఏదైనా సాయం కావాలంటే అడగండని గజరాజు వాళ్ళు రాశారు. గున్న వాళ్ళు అదే మాట తిరగేసి రాశారు.

తిప్పేస్వామి గారు ఆ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

“ఇందులో ఏదో ఉందమ్మా ఈశ్వరమ్మా.”

“ఏముంది సార్? ఇద్దరూ ఒప్పుకున్నారు.”

“అదే. ఆస్తి దగ్గర కొట్టుకోని అన్నదమ్ములను నువ్వు చూశావా?”

ఈశ్వరమ్మ ఆలోచించింది. “లేదు సార్.”

“నేనూ చూడలేదు. ఇద్దరూ అచ్చంగా ఒకే రకంగా రాశారంటే కుమ్మక్కయినట్టు. నకిలీ వారసులై ఉండవచ్చు. విచారణకు పంపుదాం.”

విచారణ పూర్తయ్యేసరికి బండమీది వీధిలో చేతిపంపు కూడా గాలి కక్కడం మొదలుపెట్టింది. ట్యాంకరు వస్తే బిందెల వరసలో ఈశ్వరమ్మ బిందెను ఎవరో ఒకరు చివరికి జరిపేవాళ్ళు. ఆమె అడిగేది కాదు. కుళ్ళాయమ్మ అడిగేది, కానీ అడగడానికి నిలబడ్డ వేళలోనే ట్యాంకరు ఖాళీ అయ్యేది.

విచారణలో వారసులు నిజమైనవారేనని తేలింది. అయితే పుట్టినతేదీల దగ్గర ఫైలు మళ్ళీ ఆగింది. గజరాజూ గున్నా పుట్టింది ఐరావతం పోయాకే.

“తండ్రి పోయాక పుట్టిన పిల్లలకు వారసత్వం ఉందా?” అని కమిషనరు గారు అడిగారు.

“గర్భంలో ఉన్నట్టు రుజువైతే ఉంది సార్. అది నేను చూసుకుంటాను,” అన్నారు తిప్పేస్వామి గారు. “చిక్కు అది కాదు. వయస్సు. ఉద్యోగానికి పద్దెనిమిదేళ్ళు నిండాలి. వీళ్ళకు ఇంకా పాలపళ్ళే.”

“సార్, సాఫ్టువేరుకు పద్దెనిమిదేళ్ళంటే ముసలిది అయిపోతాది సార్!” అంది రిజ్వానా.

“మైనరును పనిలో పెడితే బాలకార్మిక చట్టం ఉందమ్మా. మనం కటకటాలు లెక్కపెట్టాలి.”

కమిషనరు గారు నిట్టూర్చి తీర్పు చెప్పారు. “మానవతా దృక్పథంతో సదరు పోస్టును మైనరు వారసులు మేజర్లు అయ్యేవరకూ భర్తీ చేయకుండా కాపాడవలెను. అంతవరకూ ప్రజలు సహకరించవలసిందిగా మైకులో చెప్పించండి.”

ఆటోకు మైకు కట్టి ఊరంతా చెప్పించారు. గున్నకు పద్దెనిమిదేళ్ళు నిండగానే నీళ్ళు వస్తాయని ఆటో బండమీది వీధి మొదట్లో ప్రకటించింది. రెండోసారి ప్రకటించలేదు. ఆటోవాడి మైకు కుళ్ళాయమ్మ చేతిలోకి వచ్చింది.

మరుసటి పొద్దున వీధి వీధంతా ఖాళీ బిందెలతో ఆఫీసుకు వచ్చింది. ముందు కుళ్ళాయమ్మ. సరాసరి కమిషనరు గదిలోకి పోయి, బిందె ఆయన బల్ల మీద బోర్లించింది. చుక్క పడలేదు.

“అత్తా, ఇక్కడొద్దు,” అని ఈశ్వరమ్మ పరుగెత్తుకొచ్చింది.

“నువ్వుండే! ఏమప్పా కమిషనరూ, ఆ యేనుగుకు పుట్టినోల్లు పాలు తాగే పిల్లోల్లంట, వాల్లు పెద్దయ్యేదాకా మేము గొంతు తడుపుకోకూడదంటనే?”

“పెద్దమ్మా, చట్టం ప్రకారం మైనర్లకు...”

“మైనర్లయితే? నా కొడుకు పోయినపుడు పిల్లాజెల్లా ల్యాకపాయ. ఉద్యోగం ఎవురికిచ్చినారు? ఇదో, ఈయమ్మికి. పెండ్లానికి! పిల్లోల్లు చిన్నోల్లయితే పెండ్లానికిస్తారు గదా? ఆ యేనుగుకు పెండ్లాం ల్యాదా?”

అది తిట్టు. వెనకున్న ఆడవాళ్ళు నవ్వారు కూడా. కానీ తిప్పేస్వామి గారు నవ్వలేదు. ఆయన కళ్ళు మెల్లగా పైకి, మేడ మీది గది ఉన్న దిక్కుకు తిరిగాయి. సమావేశంలో ఈశ్వరమ్మ మాట పడ్డ రోజు కూడా ఆయన మొహం ఇలాగే ఉంది.

“సార్,” అన్నారు తిప్పేస్వామి గారు. “పెట్టె.”

“పెట్టె?”

“ఐరావతం గారితో ఒకే గదిలో, ఒకే కప్పు కింద, వచ్చిన నాటి నుంచీ కాపురమున్నది ఆ నల్లపెట్టె. సహజీవనం రుజువైంది, క్యాంటీను సాక్ష్యమూ ఉంది. సర్వర్ అనేది పెట్టె సొంత పేరు కాదు సార్, ఇంటిపేరు. ఆవిడ ఆయన వితంతువు.”

గదిలో అందరూ కమిషనరు గారి మొహం చూశారు. ఆయన మొహం విప్పారింది. “వయోపరిమితి?”

“వితంతువులకు సడలింపు ఉంది సార్.”

ఆ మధ్యాహ్నమే హియరింగు. అభ్యర్థి స్వయంగా హాజరు కావాలి గనక ఇద్దరు అటెండర్లు పెట్టెను మేడ మీంచి దించి కమిషనరు బల్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. దుమ్ము పట్టి ఉంది. ఈశ్వరమ్మకు ఎందుకో చూడబుద్ధి కాలేదు. దగ్గరికి పోయి కొంగుతో దుమ్ము తుడిచింది. తను కూడా ఆ కుర్చీలోనే కూర్చుంది ఒకప్పుడు. అప్పటి కమిషనరు వేరే మనిషి, ప్రశ్నలు ఇవే.

“భర్త చేసిన పని చేయగలరా?”

“చేస్తాది సార్,” అంది రిజ్వానా.

“అత్తమామల అభ్యంతరం?”

“కంపెనీకి పెట్టె సంగతే పట్టదు సార్.”

“భర్త మరణానంతరం సత్ప్రవర్తనతో ఉందా?”

“కదల్లేదు సార్ ఆ గదిలోంచి,” అంది ఈశ్వరమ్మ. ఆమెను ఈ ప్రశ్న అడిగినప్పుడు ఆమె తల వంచుకుని కూర్చుంది. జవాబు కుళ్ళాయమ్మ చెప్పింది. ఏం చెప్పిందో ఆఫీసులో పాతవాళ్ళకు ఇప్పటికీ గుర్తే.

“ఇక ఆఖరి షరతు,” అన్నారు కమిషనరు గారు. “పునర్వివాహం చేసుకోనని హామీ. ప్రతి నవంబరులో ధ్రువపత్రం సమర్పించాలి.”

రిజ్వానా అడిగింది. “పునర్వివాహమంటే సార్?”

“ఈ పెట్టెలోకి వేరొక ఆపరేటింగ్ సిస్టమ్ ప్రవేశించడం,” అన్నారు తిప్పేస్వామి గారు. “ప్రవేశించిన నాడు నియామకం రద్దు.”

“అంటే ఇంక ఎప్పటికీ మార్చకూడదా? కన్నాలు పడితే?”

“మారదు. అదే దీని సొగసు!” కమిషనరు గారు చేతులు రుద్దుకున్నారు. “రిజ్వానా, మొదట్నుంచీ మన ప్రశ్న ఏమిటి? భవిష్యత్తు అనిశ్చితం అని. వితంతువు భవిష్యత్తులో అనిశ్చితం ఏముంది? ఈ రోజు ఎలా ఉందో రేపూ అలాగే ఉంటుంది. ఎల్లుండీ అలాగే ఉంటుంది. దేశంలో ఇంతటి నిలకడ గల వేదిక మరొకటి దొరకదు.”

ఈశ్వరమ్మ మినిట్సు రాస్తోంది. ఆ వాక్యం కూడా రాసింది.

నియామక ఉత్తర్వు చదివి, పెట్టెను మేడ మీదికి మోసి, తీగలు కలిపి మీట నొక్కారు. తెర మీద ఏనుగు వచ్చింది. ఎవరూ ఏమీ తియ్యలేదు, ఏమీ పెట్టలేదు కాబట్టి ఐరావతమే వచ్చింది. ఎక్కడ ఆగిందో అక్కడినుంచి పని అందుకుంది. ఊళ్ళో వాల్వులు వరసగా తెరుచుకున్నాయి.

“భేష్,” అన్నారు కమిషనరు గారు. “ఆడమనిషైనా భర్త పని అంతా అచ్చు గుద్దినట్టు చేస్తోంది.”

“ఆయన ఉన్నప్పుడు కూడా ఈవిడే చేసేదేమో సార్,” అంది ఈశ్వరమ్మ. ఈసారి ఫ్యాను తిరుగుతోంది. ఎవరికీ వినబడలేదు.

బండమీది వీధిలో ఆఖరున నీళ్ళు వచ్చాయి. కుళ్ళాయమ్మ కొళాయి దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, తన బిందె నిండినా లేవలేదు. సుంకులమ్మ వంతు వచ్చినప్పుడు, “పట్టుకో తల్లీ, నా కోడలు నోరు తెరిసింది, నీళ్ళొచ్చినాయి,” అంది.

వానాకాలం పోయి నవంబరు వచ్చింది. ఆ నెల మొదట్లో నీళ్ళకు పిచ్చి పట్టింది. బండమీది వీధికి రావలసిన నీళ్ళు నడిబజారులో పొంగేవి. వాల్వులు తెరిచినవి తెరిచినట్టే ఉండేవి, మూసినవి మూసినట్టే. రెండు పూటలు కుళ్ళాయమ్మ మళ్ళీ బిందె ఎత్తుకుంది. ఆఫీసులో వితంతువుకు ఒంట్లో బాగాలేదని చెప్పుకున్నారు. కమిషనరు గారు వైద్య సెలవు మంజూరు చేయాలా అని ఆలోచిస్తున్నారు.

రిజ్వానా ఈశ్వరమ్మ బల్ల దగ్గరికి వచ్చి వంగింది.

“అక్కా, ఎవరో దూరం నుంచి లోపలికి దూరినారు. నేను భయపడిన కన్నమే. ఐరావతానికి ఇంక ఎవరూ పూడ్చరు. గున్నను పెడితే ఒక్క పూటలో అయిపోతాది. నీళ్ళు సక్కగా వస్తాయి. కానీ పెట్టినట్టు తెలిస్తే నియామకం రద్దు చేసి, పెట్టెను ఆపేస్తారు. ఏం చేసేది?”

ఈశ్వరమ్మ ముందు నవంబరు ధ్రువపత్రాలు రెండు ఉన్నాయి. ఒకటి తనది, రెండోది పెట్టెది. రెండింటి మీదా ఒకే వాక్యం అచ్చేసి ఉంది. ఆమె సొరుగులోంచి మేడ మీది గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

“ఏనుగు బొమ్మ మాత్రం అదే ఉండల్ల పాపా. వీళ్ళు బొమ్మే చూస్తారు.”

“బొమ్మ పెట్టొచ్చు అక్కా. అది ఎంతసేపు!”

“అయితే తలుపేసుకుని కానీ. అగరువత్తి వాడొస్తే నేను చూసుకుంటా.”

రిజ్వానా మేడ మెట్లెక్కింది. ఈశ్వరమ్మ మెట్ల కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. అటెండరు అగరువత్తితో వస్తే, లోపల ఆయమ్మ ఒంటరిగా ఉంది, ఇప్పుడు పోకూడదని వెనక్కి పంపింది. వితంతువు గది కాబట్టి అతను ఎదురు చెప్పలేదు.

మధ్యాహ్నానికి రిజ్వానా చెమట తుడుచుకుంటూ దిగి వచ్చి తల ఊపింది. ఈశ్వరమ్మ లోపలికి పోయి, పెట్టె తరఫు కాగితం తీసుకుని, ‘పై వితంతువు పునర్వివాహం చేసుకోలేదని, ఆమె నడవడి నాకు స్వయంగా తెలుసునని ధ్రువీకరిస్తున్నాను’ అన్న చోట కుదురుగా సంతకం పెట్టింది. తిప్పేస్వామి గారు చూసి ముచ్చటపడి స్టాంపు వేశారు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి కొళాయి పొంగుతోంది. కుళ్ళాయమ్మ చేతులు నీళ్ళ కింద పెట్టి చిన్నపిల్లలా ఆడుకుంటోంది.

“ఏమే, ఈపొద్దు ఇంత జోరుగా వస్తాండాయి? మీ ఆఫీసులో ఆయమ్మకు బాగైందా?”

“బాగైందత్తా.”

“ఏమి మందిచ్చినారు?”

ఈశ్వరమ్మ చెప్పులు విడిచి, కాళ్ళు కొళాయి కింద పెట్టింది. కుళ్ళాయమ్మ కోడలి మొహం కేసి ఎగాదిగా చూసింది.

“మంచిదే,” అంది చివరికి. “అంత సల్లటి గదిలో ఒక్కతే ఎన్నాళ్ళుంటాది పాపం.”